ఉద్యోగం మానేసి అదే వ్యాపారం పెడితే కేసు వేస్తారా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక నెట్‌వర్క్ సెక్యూరిటీ కంపెనీలో ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌లోకి చొరబాట్లను అడ్డుకునే) సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఈమధ్య మా కంపెనీని అమెరికావాళ్లు కొనేశారు. నాకు అక్కడ ఇమడబుద్ధి కావట్లేదు. బయటికొచ్చి సొంతంగా ఫైర్‌వాల్ తయారుచేద్దామని ఉంది. కానీ ‘మానేశాక రెండేళ్లు ఇదే వ్యాపారం చేయరాదు’ అని అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో రాశారు. కేసు వేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఆ రెండేళ్ల షరతు కోర్టులో నిలవదు. మీరు భయపడాల్సిన కాగితం వేరే ఉంది.

ఒకరి వృత్తికో వ్యాపారానికో అడ్డుపడే ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పోటీ పని చేయొద్దని కట్టడి చేయొచ్చని 1967లో గోలికారి కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఒప్పందం ముగిశాక కూడా కాళ్లు కట్టేస్తే కుదరదని 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో తేల్చింది. కాబట్టి నోటీసు పీరియడ్ అయ్యేదాకా ఓపిక పట్టండి. విచిత్రమేమిటంటే, కాలిఫోర్నియాలోనూ ఇలాంటి నియమం అదే 1872లో వచ్చింది. మీ రంగంలో పెద్ద కంపెనీలు కొన్ని అక్కడ అలా పుట్టినవే.

నీర్ జుక్ సంగతి చూడండి. ఫైర్‌వాల్ కంపెనీ చెక్‌పాయింట్‌లో తొలినాళ్ల ఇంజనీరు. తర్వాత వన్‌సెక్యూర్ అనే సొంత కంపెనీ స్థాపించారు. దాన్ని 2002లో నెట్‌స్క్రీన్ కొంది. ఆ నెట్‌స్క్రీన్‌ని 2004లో నెట్‌వర్క్ పరికరాల కంపెనీ జూనిపర్ సుమారు 400 కోట్ల డాలర్లకు కొంది. ఆయన బయటికొచ్చి 2005లో పాలో ఆల్టో నెట్‌వర్క్స్ పెట్టారు. 2011 డిసెంబరులో జూనిపర్ దావా వేసింది. దేనిమీద? ఉద్యోగం మానేసినందుకు కాదు, పేటెంట్ల మీద. నెట్‌స్క్రీన్ రోజుల్లో కనిపెట్టినవాటి హక్కులు జుక్ కంపెనీకి రాసిచ్చేశారు, కంపెనీతోపాటు అవీ జూనిపర్ చేతికొచ్చాయి. పైగా రాసిచ్చిన మనిషే తర్వాత ‘ఆ పేటెంట్ చెల్లదు’ అని వాదించడానికి అమెరికా చట్టం మామూలుగా ఒప్పుకోదు. 2014 మార్చిలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. మే నెలలో 17.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది: 7.5 కోట్లు నగదు, మిగతాది షేర్లు, వారంట్లు (ముందే అనుకున్న ధరకు షేర్లు కొనే హక్కు పత్రాలు).

మీ విషయంలోనూ చిక్కు ఇదే. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టం 17(సి) ప్రకారం యజమానిదే. ‘నేను రాసిందేగా’ అని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్లదాకా జైలుశిక్ష పడే నేరం కావచ్చు. బుర్రలో ఉన్న నైపుణ్యం మాత్రం మీదే, దాన్ని ఎవరూ లాక్కోలేరు. కొత్త కోడ్ మొదటి లైను నుంచీ మీ సొంత ల్యాప్‌టాప్‌లో, రిలీవ్ అయ్యాకే మొదలుపెట్టండి. తేదీలు రికార్డయ్యేలా చూసుకోండి. కంపెనీ ల్యాప్‌టాప్ అప్పగించి రసీదు తీసుకోండి.

పేటెంట్ దరఖాస్తుల్లో మీ పేరుందా, హక్కులు రాసిచ్చిన కాగితాల్లో ఏముందో ముందు చూసుకోండి. అమెరికా యాజమాన్యం ఇప్పుడు కొత్త ఒప్పందం పంపితే హెచ్ఆర్ తొందరపెట్టినా అక్కడికక్కడే సంతకం చేయకండి. వివాదం వస్తే ఏ దేశపు చట్టం, ఏ ఊరి కోర్టు అన్న పేరా సాధారణంగా చివరి పేజీల్లో ఉంటుంది. అది న్యాయవాదికి చూపించాకే సంతకం పెట్టండి.