వైఫై కార్డు కొనేముందు పక్కన ఫోన్ పెట్టి చూడండి

ఈ వారం వచ్చిన సందేహాల్లో ఎక్కువ ల్యాప్‌టాప్ వైఫై గురించే. బెంగళూరులో వానలు మొదలయ్యాక వర్క్ ఫ్రమ్ హోమ్ పెరిగింది కాబోలు, అందరికీ ఒకేసారి సిగ్నల్ గుర్తొచ్చింది. నాలుగు తీసుకున్నా.

అన్నా, నేను బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటున్నా, మాది అనంతపురం. రౌటర్ కారిడార్ మొదట్లో ఉంది, మా రూమ్ చివర్లో. నా ల్యాప్‌టాప్‌లో ఒక్క గీతే చూపిస్తుంది, మీటింగ్‌లో నేను మాట్లాడేది మధ్యలో ఆగిపోతుంది, మేనేజర్ ఇప్పటికే రెండుసార్లు అన్నాడు. రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో మాత్రం బానే వస్తుంది. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌కెళ్ళి కొత్త వైఫై కార్డు వేయించుకోమంటున్నారు. వేయించుకోనా, లేక యూఎస్‌బీది కొననా?

తమ్ముడూ, రూమ్మేట్‌కి బానే వస్తుంది అన్నావ్ చూడు, సగం జవాబు అక్కడే ఉంది. అదే రూము, అదే రౌటర్, అయినా అతనికి వస్తుంది నీకు రావట్లేదు అంటే గాల్లో సిగ్నల్ ఉంది, నీ ల్యాప్‌టాప్‌కే సరిగ్గా అందట్లేదు. ఇలాంటి కేసులో కార్డు మార్చడం నిజంగా పనికొస్తుంది. కానీ డబ్బు తీసేముందు ఇంకోసారి ఖాయం చేసుకో. నువ్వు కూర్చునే టేబుల్ మీదే ల్యాప్‌టాప్ పక్కన ఫోన్ పెట్టి, రెండూ ఒకే నెట్‌వర్క్ పేరుకి కనెక్ట్ చేసి స్పీడ్ టెస్ట్ ఒకదాని తర్వాత ఒకటి చెయ్, రెండూ ఒకేసారి చేస్తే ఒకదాన్ని ఇంకోటి లాగేసుకుంటుంది. ఫోన్‌లో ఎక్కువొచ్చి ల్యాప్‌టాప్‌లో తక్కువొస్తే తేడా ల్యాప్‌టాప్‌లోనే.

తర్వాత ల్యాప్‌టాప్ పట్టుకుని రౌటర్ దగ్గరికెళ్ళి నిలబడి, విండోస్‌లో వైఫై సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్ ఓపెన్ చేసి కిందకి స్క్రోల్ చెయ్. బ్యాండ్ (వైఫై నడిచే ఫ్రీక్వెన్సీ, 2.4 లేదా 5 గిగాహెర్ట్జ్), ఛానెల్ (ఆ బ్యాండ్‌లో ఒక ముక్క), లింక్ స్పీడ్ (ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య వేగం, ఎంబీపీఎస్‌లో) కనిపిస్తాయి. రౌటర్ పక్కనే నిలబడినా లింక్ స్పీడ్ 72 దాటట్లేదంటే 2.4 గిగాహెర్ట్జ్ మీద ఒక్క యాంటెన్నాతో నడుస్తున్నట్టు లెక్క. 433 అంటే 5 గిగాహెర్ట్జే, కానీ యాంటెన్నా ఒక్కటే. 866 వస్తే రెండు యాంటెన్నాలూ పని చేస్తున్నాయి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద కార్డు పేరు కూడా చూడు, రియల్‌టెక్ పేరుతో 8723 అని ఉందంటే అది 2.4 మాత్రమే పట్టే సింగిల్ యాంటెన్నా కార్డు, తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఏళ్ళ తరబడి ఇదే వేసి అమ్మారు. పీజీలో చుట్టూ పాతిక రౌటర్లు 2.4 మీదే అరుస్తుంటాయి, అందులో ఒకదాని మీద ఒకటి పడని ఛానెల్స్ మూడే, 1, 6, 11. ఆ సంతలో ఒక్క యాంటెన్నా కార్డు ఏం వినగలుగుతుంది. నీ మాట ఆగిపోవడానికి కూడా ఇదే కారణం అయ్యుండొచ్చు, వినడమే కాదు నీ గొంతు రౌటర్ దాకా మోసుకెళ్ళాల్సింది కూడా ఆ కార్డే కదా.

ఇప్పుడు నేను కళ్ళారా చూసింది చెప్తా. మారతహళ్ళిలో ఉండే మా పిన్ని కొడుకు ల్యాప్‌టాప్ స్క్రీన్ కీలు విరిగితే ఒక రిపేర్ షాపులో వేయించాడు, అప్పట్నుంచి వైఫై పడిపోయింది. హాల్లో వస్తుంది, బెడ్‌రూమ్‌కెళ్తే పోతుంది. కార్డు పాడైందని కొత్తది కొనడానికి రెడీ అయ్యాడు. ఆగరా అని ఆదివారం పొద్దున కూర్చుని వెనక మూత విప్పాం. స్క్రూలు పది తీసినా మూత ఊడలేదు, ఇంకో రెండు రబ్బరు కాళ్ళ కింద దాక్కుని ఉన్నాయి. మూత రాగానే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకేశాం, ఇది మర్చిపోకూడదు. వైఫై కార్డు పెద్ద పోస్టల్ స్టాంపు అంత ఉంటుంది, 22 మిల్లీమీటర్లు వెడల్పు, 30 పొడుగు, ఒకే ఒక్క స్క్రూ. దాని మీదకి రెండు సన్నటి వైర్లు రావాలి, ఒకటి నలుపు ఒకటి తెలుపు, అవి కీలు లోపల్నుంచి స్క్రీన్ వెనక ఉన్న యాంటెన్నాలకి వెళ్తాయి. నలుపుది కార్డు మీద ఉంది, తెలుపుది మదర్‌బోర్డు అంచున ఊరికే వేలాడుతూ కనిపించింది, చివర ఆవగింజంత బంగారు రంగు టోపీ. కీలు మార్చిన మనిషి తిరిగి నొక్కడం మర్చిపోయాడు, అంతే. టోపీని కార్డు మీదున్న చిన్న గుండ్రటి బొడిపె కరెక్ట్‌గా కిందకి వచ్చేలా పెట్టి బొటనవేలి గోరుతో తిన్నగా నొక్కితే టిక్ అంది. బెడ్‌రూమ్‌లో మూడు గీతలు. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. అందుకే చెప్తున్నా, నీ ల్యాప్‌టాప్ ఎప్పుడైనా రిపేర్‌కి వెళ్ళొచ్చి ఉంటే ముందు ఆ వైర్లు చూపించు. ఆ టోపీల్ని మాటిమాటికీ పీకి పెట్టొద్దు, వదులైపోతాయి.

వైర్లు బానే ఉండి కార్డే బలహీనమైతే మార్చెయ్. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎం డాట్ టూ రకం కార్డు ఉంటుంది, పదేళ్ళు దాటిన వాటిలో మినీ పీసీఐఈ, వాటి టోపీల సైజు కూడా వేరు, ఒకదానివి ఇంకోదానికి పట్టవు. ఇంటెల్ కార్డు కొంటే నంబర్ చివరి అంకె చూస్కో. ఏఎక్స్200, ఏఎక్స్210 మామూలు పీసీఐఈ (కార్డుని బోర్డుకి కలిపే దారి) మీద నడుస్తాయి, ఏఎండీ ల్యాప్‌టాప్‌లో కూడా పని చేస్తాయి. ఏఎక్స్201, ఏఎక్స్211 చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి కానీ వాటి పనిలో సగం ప్రాసెసర్ వైపు చిప్‌సెట్ చెయ్యాలి, దాన్ని సపోర్ట్ చేసే ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో తప్ప వేరే దాంట్లో పెడితే కార్డు కనిపించను కూడా కనిపించదు. ఆ ఒక్క అంకె దగ్గర డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఇంకోటి, కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) కంపెనీ ఒప్పుకున్న కార్డులే తీసుకుంటుంది, వేరేది పెడితే స్టార్ట్ అవ్వకుండా ఎర్రర్ చూపిస్తుంది. కాబట్టి ఎస్పీ రోడ్డుకి ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి, అక్కడే వేయించి, ఆన్ చేసి, కౌంటర్ దగ్గరే వైఫై కనెక్ట్ అయ్యాకే డబ్బులివ్వు. పల్చటి మోడల్స్ కొన్నిట్లో వైఫై చిప్‌ని బోర్డుకే అతికించేస్తారు, అలాంటిదైతే మార్చే దారి లేదు. వారంటీ ఇంకా ఉంటే కూడా విప్పొద్దు, కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్ళు.

లోపలి కార్డు మార్చే దారి లేనప్పుడే యూఎస్‌బీ అడాప్టర్. గోరంత ఉండి పోర్టులో దూరిపోయేది కొనకు తమ్ముడూ, దాంట్లో యాంటెన్నా పెట్టే చోటే ఉండదు, చాలాసార్లు లోపలున్న కార్డే దానికన్నా నయం. 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టే డ్యుయల్ బ్యాండ్‌ది, బయట యాంటెన్నా ఉన్నది తీసుకుని, దాంతో పాటు మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొను. అసలు లాభం ఆ వైరుతోనే. ల్యాప్‌టాప్ నీ మంచం దగ్గరే ఉంటుంది, అడాప్టర్ మాత్రం తలుపు పైన గూట్లో, కారిడార్ కనిపించే చోట ఉంటుంది. యూఎస్‌బీ 3.0 పోర్టు దానంతట అదే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర గోల పుట్టిస్తుంది, 2012లో ఇంటెల్ వాళ్ళే దీని మీద పేపర్ రాశారు. పోర్టు పక్కనే అడాప్టర్ ఉంటే ఆ గోల చెవిలో అరిచినట్టే, వైరుతో దూరం జరిపితే తగ్గుతుంది. పెట్టాక డివైస్ మేనేజర్‌లో పాత కార్డుని డిసేబుల్ చెయ్, లేకపోతే విండోస్ రెండిటికీ కనెక్ట్ అయ్యి ఏది వాడుతుందో నీకే తెలీదు.

యాంటెన్నా డబ్బా మీద 5 డీబీఐ, 8 డీబీఐ అని పెద్దక్షరాల్లో రాస్తారు, సిగ్నల్‌ని ఒకవైపు ఎంత పోగు చేస్తుందో చెప్పే అంకె అది. యాంటెన్నా కొత్తగా పవర్ ఏమీ పుట్టించదు. పూరీ పిండి ఉండ నొక్కితే పక్కలకి వెడల్పవుతుంది, ఎత్తు తగ్గిపోతుంది కదా, పిండి మాత్రం అంతే ఉంటుంది. నిటారుగా నిలబెట్టిన పెద్ద యాంటెన్నా ఒకే అంతస్తులో దూరం వెళ్తుంది, పైకీ కిందకీ తగ్గుతుంది. రౌటర్ నీ పై ఫ్లోర్‌లో ఉంటే యాంటెన్నాని పక్కకి పడుకోబెట్టి చూడు.

బాబూ, నేను రిటైర్డ్ టీచర్ని, బెళ్ళందూరులో మా అబ్బాయి ఫ్లాట్‌లో ఉంటున్నాను. నా గదిలో ల్యాప్‌టాప్‌లోనూ, సెల్‌లోనూ కూడా నెట్ రాదు. గుంటూరులో ఉన్న మా అమ్మాయితో వీడియోలో మాట్లాడాలంటే హాల్లోకి రావాలి. షాపులో అడిగితే ల్యాప్‌టాప్‌కి కార్డు, ఇంకా బూస్టర్ కొనమన్నారు. కొనమంటారా?

కార్డు కొనకండి మాస్టారూ. సెల్‌లో కూడా రావట్లేదంటే మీ గదికే సిగ్నల్ చేరట్లేదు, ల్యాప్‌టాప్‌లో ఎంత ఖరీదైన కార్డు పెట్టినా లేనిదాన్ని పట్టలేదు.

ముందు రౌటర్ ఎక్కడుందో చూడండి. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఫైబర్ వైరు మెయిన్ డోర్ పక్కనుండే ఇనప డబ్బాలోకి వస్తుంది, చాలామంది రౌటర్‌ని కూడా దాంట్లోనే పెట్టి తలుపు మూసేస్తారు, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని. ఇనప డబ్బాలో రేడియో పెట్టి మూసేసినట్టే అది. బయటికి తీసి, గుమ్మం పైన ఎత్తులో పెట్టించండి. రెండోది, మీ గదికీ హాలుకీ మధ్య గోడకి బీరువా ఆనించి ఉందా? మన ఇళ్ళల్లో ఇది తప్పకుండా ఉంటుంది. స్టీలు బీరువా, దాని తలుపుకి నిలువుటద్దం, రెండూ సిగ్నల్‌ని వెనక్కి కొట్టేస్తాయి. బీరువా ఇంకో గోడకి జరిపితే చాలు ఒక్కోసారి, అబ్బాయినీ వాచ్‌మేన్‌నీ కలిపి జరిపించండి, మీరు మాత్రం చెయ్యి వేయొద్దు.

ఇవన్నీ అయినా రాకపోతే బూస్టర్ కన్నా వైరు మంచిది. రౌటర్ నుంచి మీ గదికి క్యాట్ 6 కేబుల్ లాగించి చివర పాత రౌటర్ ఏదైనా ఉంటే దాన్నే యాక్సెస్ పాయింట్‌గా (వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచేదిగా) పెట్టమనండి, ఇలాంటి కేబుల్ 100 మీటర్ల దాకా ఇబ్బంది లేకుండా పని చేస్తుంది. బూస్టరే తప్పదంటే దాన్ని మీ గదిలో పెట్టొద్దు, సిగ్నల్ ఇంకా బాగున్న చోట, అంటే దారి మధ్యలో పెట్టాలి. రాని చోట పెడితే అది కూడా రానిదాన్నే మళ్ళీ పంపుతుంది. పైగా ఒకే బ్యాండ్ మీద విని, అదే బ్యాండ్ మీద తిరిగి చెప్పే రకమైతే స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. మీ అమ్మాయితో మాట్లాడ్డానికి సగం కూడా చాలు, అది వేరే సంగతి.

బ్రో, ఈసీఈ థర్డ్ ఇయర్, ఎలహంక. ఉబుంటు లినక్స్‌లో యూఎస్‌బీ వైఫై అడాప్టర్ అసలు డిటెక్ట్ అవ్వట్లేదు, విండోస్‌లో వర్క్ అవుతోంది.

చిప్ ఏదో చూడాలి, డబ్బా మీద కంపెనీ పేరుతో పని లేదు. పాత కెర్నెల్‌లలో (కెర్నెల్ అంటే లినక్స్ గుండెకాయ) రియల్‌టెక్ చిప్‌లు చాలావాటికి డ్రైవర్ బయట్నుంచి తెచ్చి కంపైల్ చేసుకోవాలి, కెర్నెల్ అప్‌డేట్ అయినప్పుడల్లా మళ్ళీ తలనొప్పి. మీడియాటెక్ ఎంటీ7612యూ ఉన్నది తీసుకుంటే కెర్నెల్ 4.19 నుంచి, ఎంటీ7921ఏయూ అయితే 5.18 నుంచి డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది, పెట్టగానే వస్తుంది. ప్రస్తుతానికి ఫోన్‌ని వైరుతో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) పెట్టి పని కానిచ్చెయ్.

అన్నా, నెలకోసారి మదనపల్లె దగ్గర మా ఊరికి వెళ్తాను, ఇంట్లో వైఫై లేదు. ల్యాప్‌టాప్‌లో సిమ్ పెట్టుకునే కార్డు వేయించుకుంటే ఫోన్ కంటే సిగ్నల్ బాగా వస్తుందా?

చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ కార్డుకి స్లాట్ ఉండదమ్మా, స్లాట్ ఉన్నా లోపల యాంటెన్నా వైర్లు వేసి ఉండవు, సిమ్ ట్రే ఉండదు. వైర్లు లేకుండా కార్డు ఒక్కటే పెడితే టవర్ దొరకదు. దానికి పెట్టే డబ్బు నీ ఫోన్‌కన్నా మంచి ఫలితమేమీ ఇవ్వదు కూడా. నీ దగ్గర పాత 4జీ ఫోన్ ఏదైనా ఉంటే దాన్నే హాట్‌స్పాట్‌గా వాడు. ఇల్లంతా తిరుగుతూ చూడు, ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ దగ్గర సిగ్నల్ స్ట్రెంత్ మైనస్ అంకెల్లో ఉంటుంది, మైనస్ 110 అంటే కష్టం, మైనస్ 90కి వచ్చిందంటే హాయిగా మీటింగ్ పెట్టుకోవచ్చు. గీతల్ని నమ్మకు, అంకె చూడు. సాధారణంగా మిద్దె మీద మెట్ల గది కిటికీ దగ్గర బాగుంటుంది, ఫోన్ అక్కడ ఎండ తగలకుండా పెట్టి ఛార్జర్ తగిలించి నువ్వు కింద కూర్చో. ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి వచ్చేది మళ్ళీ వైఫైయే కాబట్టి, స్లాబ్ దాటి రావాలంటే హాట్‌స్పాట్‌ని 2.4 మీదే ఉంచు, ఊళ్ళో దాని మీద రద్దీ కూడా ఉండదు. మంచి అంకె దొరికిన చోట గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకో, వచ్చే నెల వెళ్ళినప్పుడు మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు.