రోడ్డుకు పోయిన తోపు, చేతికొచ్చిన 42 లక్షలు

ప్రశ్న: మాది భాకరాపేట దగ్గర పల్లె. మదనపల్లె–తిరుపతి రోడ్డు వెడల్పులో మా మామిడి తోపు ఎకరా పైచిలుకు పోయింది. పరిహారం 42 లక్షలు బ్యాంకులో పడింది. ఎకరన్నర మిగిలింది. నాకు 61 ఏళ్లు. నగల మీద 4 లక్షలు, పంట రుణం 2 లక్షలు అప్పుంది. కూతురికి పెళ్లయింది. ఆ రోడ్డు పక్కనే ప్లాట్లు కొంటే అయిదేళ్లలో రెట్టింపవుతుందని కొడుకు అంటున్నాడు. పన్ను పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పన్ను గురించి నిద్ర చెడగొట్టుకోకండి. 2013 భూసేకరణ చట్టం లెక్కన ఇచ్చిన పరిహారానికి ఆదాయపు పన్ను లేదని 2016లోనే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. హైవే భూములకూ పరిహారం ఆ చట్టం ప్రకారమే లెక్కగడతారు. అవార్డు (పరిహారం ఎంతో తేల్చి ఇచ్చిన ఉత్తర్వు) కాపీ మాత్రం భద్రంగా పెట్టుకోండి. అందులో చెట్లకూ బోరుకూ విడిగా లెక్క కట్టారో లేదో చూసుకోండి. అయితే ఈ డబ్బు మీద బ్యాంకు ఇచ్చే వడ్డీ మీ ఆదాయమే, అది పన్ను లెక్కలోకి వస్తుంది.

ఇక ప్లాట్లు. నేనైతే కొననివ్వను. రోడ్డు వస్తుందని తెలిసిన రోజే ధర పెరిగిపోయింది. మీవాడు ఇప్పుడు కొనేది ఆ పెరిగిన ధరకే. పైగా నాలుగు లైన్ల రోడ్డు పాత రోడ్డులాంటిది కాదు. మధ్యలో డివైడర్ కడతారు, ఎదురుగా కనిపించే ప్లాటుకు యూ టర్న్ దాకా వెళ్లి రావాలి. హైవే మీదికి దారి తెరవాలన్నా అనుమతి కావాలి. ఊరికి బైపాస్ పడిందంటే పాత రోడ్డు మీది అంగళ్ల గతి ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, పోయిన తోపు ఏటా ఎంతో కొంత చేతికిచ్చేది. ప్లాటు అమ్మేదాకా రూపాయి రాల్చదు. మిగిలిన తోపును నమ్ముకుందామంటే, 2025లో ధర పడిపోయి తోతాపురి మామిడి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాల్సి వచ్చిన సంగతి మీరూ చూశారు.

కాబట్టి నగలు ఈ వారమే విడిపించండి. పంట రుణానికి తొందరలేదు. గడువులోగా కడితే 3 లక్షల దాకా 4 శాతం వడ్డీయే, అంత చవగ్గా ఇంకెక్కడా అప్పు పుట్టదు. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 20 లక్షలు వేయండి. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 41 వేలు వస్తుంది. వేసిన రోజున్న రేటే అయిదేళ్లూ ఉంటుంది. మిగిలింది నాలుగు బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా పంచండి. బ్యాంకు మునిగితే బీమా ఒక్కో బ్యాంకులో మనిషికి 5 లక్షల వరకే.

ఇంకో మాట. కూతురికి పెళ్లయిందని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆ తోపు మీ తాతతండ్రులదైతే, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం అందులో ఆమెకూ కొడుకుతో సమానంగా హక్కుంది. డబ్బు కదిలించేలోపు ఆమెను పిలిచి కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఒప్పుకున్నది కాగితం మీద పెట్టండి.