టన్నెల్ ఫేస్‌లో నీళ్ళు పెరుగుతుంటే ఇంకో పంపు దించాలా, పని ఆపి గ్రౌటింగ్ చేయాలా?

డ్రిల్ అండ్ బ్లాస్ట్ (రంధ్రాలు కొట్టి, మందుగుండుతో పేల్చి తవ్వే) టన్నెల్, ఫేస్ (తవ్వుతున్న చివరి రాతిగోడ) దిగుడు వాలులో పోతోంది, నీళ్ళు పెరుగుతున్నాయి, ఏం చేయాలని అడిగారు. ఇలాంటి టన్నెల్లో షిఫ్ట్ ఇంజనీరుగా చేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా: ముందు ఆ నీళ్ళ సంగతి తేల్చుకోండి, పంపా గ్రౌటా (పగుళ్ళలోకి సిమెంటు లాంటిది ఒత్తిడితో ఎక్కించి మూయడమా) అన్నది తర్వాత.

ఎంత వస్తున్నాయో కంటి అంచనా పనికిరాదు. పక్క కాలువలో 90 డిగ్రీల వి-నాచ్ పలక (V ఆకారంలో గాడి కోసిన పలక) బిగించండి. నాచ్ మీద నీటి ఎత్తు 10 సెం.మీ. ఉంటే సెకనుకు సుమారు 4.4 లీటర్లు, 20 సెం.మీ. ఉంటే దాదాపు 25. ప్రతి షిఫ్టులో రాసిపెట్టండి. బ్లాస్ట్ కాగానే ఎగిసి, తర్వాత రోజురోజుకీ తగ్గుతుంటే పగుళ్ళలో నిలవున్న నీరు ఖాళీ అవుతోందని అర్థం. అప్పుడు పంపుతో నెట్టుకురావచ్చు. తగ్గకుండా ఒకేలా వస్తుంటే వెనక ఎక్కడో ఊట ఉంది. ఎన్ని పంపులు దించినా అది తీరేది కాదు.

నాకైతే లీటర్లకంటే రంగు మీదే కన్ను. ఒకసారి మా ఫేస్‌లో ప్రోబ్ హోల్ (ముందేముందో చూడటానికి కొట్టే రంధ్రం) నుంచి తేటగా వస్తున్న నీళ్ళు మకింగ్ (పేల్చిన రాయిని ఎత్తిపోయడం) జరుగుతుండగా బూడిద రంగుకి తిరిగాయి. దోసిట్లో పట్టి వేళ్ళతో నలిపితే జారుడు బంకమన్ను, అందులో సన్నటి రాతిపలుకులు. ధార పెద్దగా పెరగలేదు, అయినా మనుషుల్నీ యంత్రాల్నీ వెనక్కి తీసి ఫేస్‌ని షాట్‌క్రీట్‌తో (గాలి ఒత్తిడితో చిమ్మే కాంక్రీటుతో) మూసేశాం. తర్వాత డ్రిల్ చేస్తే ముందున్నది పిండిపిండి అయిన షియర్ జోన్ (రాతి పొరలు ఒరుసుకుని నలిగిపోయిన పట్టీ). అలాంటిచోట గ్రౌటింగ్ ఒక్కటే చాలదు, వెనకున్న ఒత్తిడి దించడానికి డ్రెయిన్ హోల్స్ (నీళ్ళు బయటికి వదిలే రంధ్రాలు) కూడా వేయాలి.

ప్రోబ్ హోల్స్ 20-30 మీటర్లు ముందుకు కొట్టండి. చివరి ఐదారు మీటర్లు మిగిలుండగానే తర్వాతి విడత మొదలుపెట్టాలి. టన్నెల్ కంటే నీటిమట్టం 100 మీటర్లు పైన ఉంటే ఒత్తిడి 10 బార్ దాకా ఉండొచ్చు. వాల్వ్ ఉన్న స్టాండ్‌పైప్ (రంధ్రం మూతిలో బిగించే పైపు, నీళ్ళు దూకితే వాల్వ్ కట్టేయొచ్చు) ముందే బిగించకుండా అక్కడ డ్రిల్ రాడ్ దించొద్దు.

గ్రౌటింగ్ చేసేదేదో ఆ రాయి తవ్వకముందే చేయాలి. తవ్వాక నీళ్ళు మనవైపే పరిగెడుతుంటాయి, సిమెంటుని కడిగేస్తాయి. ఒకచోట మూస్తే పక్కనుంచి వస్తాయి. 0.1 మి.మీ. పగుళ్ళలోకి మామూలు సిమెంటు వెళ్ళదు, మైక్రోఫైన్ (మరీ మెత్తగా నూరిన సిమెంటు) కావాలి. దూకుతున్న ధారకి పాలీయురేథేన్ (నీళ్ళు తగిలితే నురుగులా ఉబ్బి గట్టిపడే రసాయనం) వాడతారు. రసాయనాల విషయంలో మాత్రం జాగ్రత్త. స్వీడన్‌లోని హాలాండ్‌సోస్ టన్నెల్లో 1997లో అక్రిలమైడ్ అనే విషరసాయనం ఉన్న గ్రౌట్ నీళ్ళలో కలిసి చేపలు చచ్చాయి, ఆవులకు కాళ్ళు పడిపోయాయి, పని ఆగిపోయింది. 1992లో మొదలైన ఆ టన్నెల్లో రైలు తిరిగింది 2015లో!

మీది దిగుడు వాలు కాబట్టి స్టాండ్‌బై పంపుకి విడిగా జనరేటర్ ఉండాల్సిందే. సెకనుకు 25 లీటర్లంటే గంటకు 90 వేల లీటర్లు, అవన్నీ చేరేది ఫేస్ దగ్గరికే.

ఇంకోటి. కారుతున్న రాతి మీద నేరుగా షాట్‌క్రీట్ కొట్టించకండి, పట్టదు. ధార ఉన్నచోట పైపు పెట్టి నీళ్ళను కాలువలోకి మళ్ళించి, అప్పుడు కొట్టండి. గ్రౌటింగ్ పూర్తయ్యేదాకా ఆ పైపుల్ని మూయొద్దు, మూస్తే వెనక ఒత్తిడి పేరుకుని పొర ఊడి కిందపడుతుంది.