ఎముకను కట్టే హార్మోన్ మీద పని మొదలుపెట్టిన నీకు

అమ్మా,

మెడలోని చిన్న గ్రంథుల నుంచి వచ్చే పారాథైరాయిడ్ హార్మోన్‌ను మార్చి ఎముకను తిరిగి పెంచే పనిలో దిగావని చదివి ఎంత పొంగిపోయానో! కానీ "ఒంట్లో రోజుల తరబడి నిలిచేలా చేస్తాను" అన్న మాట దగ్గర ఆగిపోయాను. పని ముందుకు సాగకముందే ఇది రాయాలనిపించింది.

ఈ హార్మోన్ రక్తంలో ఎడతెరిపి లేకుండా ఎక్కువగా ఉంటే ఎముకను తినేస్తుంది. రోజుకోసారి వచ్చి కొద్ది గంటల్లో వెళ్లిపోతే ఎముకను కడుతుంది. ఈ హార్మోన్ గొలుసులో పూసల్లా ఉండే 84 అమైనో ఆమ్లాల్లో మొదటి 34తోనే తయారైన టెరిపారటైడ్ అనే మందును, 2002లో అమెరికాలో అనుమతి వచ్చినప్పటి నుంచీ, రోజుకు 20 మైక్రోగ్రాముల ఇంజెక్షన్‌గా ఇస్తున్నది అందుకే. పారాథైరాయిడ్ గ్రంథులే పనిచేయని వాళ్లకు నిలిచే అణువు కావాలి, నిజమే. అది వేరే జబ్బు. నీకు కావలసింది కణం మీద హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్‌ను తట్టి, త్వరగా వదిలేసేది. కాబట్టి రిసెప్టర్ మేల్కొన్నప్పుడు కణాల్లో పుట్టే సంకేత అణువు సైక్లిక్ ఏఎంపీ ఎంత పెరిగిందో చూసి ఊరుకోకు, మందు కడిగేశాక ఎంతసేపటికి దిగిందో కూడా కొలువు. మొదటి రెండు అమైనో ఆమ్లాలను మాత్రం తీసెయ్యకు. అవి పోతే అణువు రిసెప్టర్‌ను పట్టుకుంటుంది గానీ సరిగా మేల్కొలపలేదు.

ఒకసారి నేను చేసిన పెప్టైడ్ (ఇలాంటి పొట్టి అమైనో ఆమ్లాల గొలుసు) ఉన్నట్టుండి నీరసించింది. చేసిన మార్పే చెడిందనుకుని నెలలు పోగొట్టుకున్నాను. చివరికి అణువుల బరువు చూపే మాస్ స్పెక్ట్రమ్‌లో బరువు 16 ఎక్కువ కనిపించింది: 8వ స్థానంలోని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లానికి ఆక్సిజన్ అంటుకుంది. ద్రావణాన్ని గాలి తగిలేలా నిలవ ఉంచింది నేనే. ప్రతి పరీక్షకు ముందూ బరువు చూసుకో.

ఎముక పలచబడాలని అండాశయాలు తీసిన ఎలుకల్లో, స్కాన్‌లో ఎముక సాంద్రత పెరిగిందని సంబరపడకు. కొన్ని రోజుల ఎడంతో రెండుసార్లు, కొత్త ఎముకకు అంటుకుని మెరిసే కాల్సీన్ అనే రంగు ఇచ్చి, ఎముక ముక్కను పలుచగా కోసి, ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ కింద పెట్టు. చీకట్లో రెండు ఆకుపచ్చని గీతలు మెరుస్తాయి, మధ్య దూరమే ఆ రోజుల్లో కట్టిన ఎముక. ఆ దృశ్యం మొదటిసారి చూసినప్పుడు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు నాకు. అయితే ఎలుక బయటి గట్టి ఎముకలో, మనిషిలో జరిగినట్టు పాత ఎముకను తొలిచి కొత్తది నింపే లోపలి మరమ్మతు పెద్దగా జరగదు. అక్కడ రంధ్రాలు పడుతున్నాయేమో తెలియాలంటే కుందేలు దాకా వెళ్లాల్సిందే.

ఇంకొకటి. మందు ఆపితే పెరిగిన ఎముక కరగడం మొదలవుతుంది. ఆపాక, ఎముక కరగడాన్ని అడ్డుకునే బిస్ఫాస్ఫొనేట్ మందు ఇచ్చే గుంపునొకటి, ఏమీ ఇవ్వని గుంపునొకటి ఇప్పుడే ప్రణాళికలో రాసిపెట్టు. తర్వాత చేర్చాలంటే జంతువులు మిగలవు.

మొదటి గీతల ఫొటో నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ పాత మాస్టారు