స్కూల్ స్ప్రింటర్లకి సీజన్ ప్లాన్ వేస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ప్లాన్ పేపర్ చూశా. కష్టపడి రాశావు, కాదనను, కానీ వారానికి ఆరు రోజులూ పరుగే పెట్టావు, అందులో ఫుల్ స్పీడ్ పరుగు మాత్రం ఎక్కడా కనపడలేదు. 100 మీటర్ల పిల్లాడిని 1500కి తయారు చేస్తున్నట్టుంది.

ముందు క్యాలెండర్ తీసి అన్నిటికన్నా ముఖ్యమైన మీట్ ఏదో గుర్తు పెట్టుకో, అక్కడ్నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రా. 14 వారాలు దొరికాయనుకో, చివరి పది రోజులు పరుగుల తగ్గింపుకి, అంతకుముందు నాలుగైదు వారాలు చిన్న మీట్లకీ స్పీడ్ ఎండ్యూరెన్స్‌కీ, అంటే అందుకున్న వేగాన్ని నిలబెట్టుకోవడానికీ, దానికి ముందు టాప్ స్పీడ్‌కి, మొదటి మూడు నాలుగు వారాలేమో స్టార్టులూ యాక్సిలరేషనూ, అంటే 10, 20, 30 మీటర్లు, అంతే. పెద్ద దూరాలతో మొదలెట్టి కిందకి దిగే పద్ధతీ ఉందిలే, 400 మీటర్ల ఒలింపిక్ చాంపియన్ మైకేల్ జాన్సన్ కోచ్ క్లైడ్ హార్ట్‌ది అదే దారి, 400 వాళ్ళకి పనికొస్తుంది. 100, 200 పిల్లలకి మాత్రం నేను ఒప్పుకోను, అసలు స్పీడే లేనప్పుడు ఇక నిలబెట్టుకునేదేముంది?

ఫుల్ స్పీడ్ రోజులు వారానికి రెండు, మహా అయితే మూడు, మధ్యలో 48 గంటలు గ్యాప్ ఉండాలి. మిగతా రోజుల్లో డ్రిల్స్, మెడిసిన్ బాల్ (బరువు బంతి) విసరడం, తేలికపాటి పరుగు. ఒక రోజు పూర్తిగా సెలవిచ్చెయ్.

ఇప్పుడు అసలు సంగతి, రెస్ట్. పరిగెత్తిన ప్రతి 10 మీటర్లకీ దాదాపు ఒక నిమిషం ఇవ్వు, 30కి మూడు, 60కి ఆరు. ఆ వేగానికి కండరం వాడుకునే ఇంధనం, ఫాస్ఫోక్రియాటిన్ అంటారు, కొన్ని సెకన్లలోనే తరిగిపోతుంది, మళ్ళీ నిండాలంటే నిమిషాలు పడుతుంది, అది నిండకుండా పరిగెత్తిస్తే పిల్లాడు నేర్చుకునేది నెమ్మదిగా పరిగెత్తడమే. చూసేవాళ్ళకి పిల్లలు ఖాళీగా కూర్చున్నట్టు ఉంటుంది, ఉండనీ. వాంతులయ్యేదాకా చేయిస్తేనే ట్రైనింగ్ అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ మాట పట్టించుకోకు.

టాప్ స్పీడ్‌కి ఫ్లయింగ్ 30 పెట్టు, 20 మీటర్లు వేగం అందుకుని తర్వాత 30 మీటర్లకి టైమ్ తియ్యి, మూడు నాలుగు చాలు. టైమ్ పెరగడం మొదలైందా, ఇంకా రెండు మిగిలున్నా సరే ఆ రోజుకి ఆపెయ్. బోల్ట్ 2009లో 100 మీటర్లు 9.58 సెకన్లలో కొట్టినప్పుడు అతని టాప్ స్పీడ్ 60-80 మీటర్ల మధ్య వచ్చింది, మన పిల్లలకి అంతకంటే చాలా ముందే వచ్చేస్తుంది, అక్కడ్నుంచి పళ్ళు బిగించి పెనుగులాడతారు. భుజాలూ దవడా వదులుగా పెట్టమని ఇప్పట్నుంచే చెప్పు. ఇంకోటి, స్టాప్‌వాచ్ టైమ్ చూసి మురిసిపోకు, 100కి చేత్తో తీసిన టైమ్‌ని ఎలక్ట్రానిక్‌తో పోల్చాలంటే 0.24 సెకన్లు కలుపుకోవాలి.

తొడ వెనక కండ, అదే హామ్‌స్ట్రింగ్, పట్టేసిందంటే సీజన్ మొత్తాన్ని మింగేస్తుంది. నార్డిక్స్, అంటే మోకాళ్ళ మీద ఉండి మడమలు ఎవరైనా పట్టుకుంటే మెల్లగా ముందుకి వంగడం, వారానికి రెండుసార్లు, కొంచెం కొంచెంగా పెంచు, ఫుల్ స్పీడ్ రోజు ముందు మాత్రం వద్దు. ఒక్కసారిగా పొడుగైపోతున్న పిల్లలుంటారు చూడు, వాళ్ళకి కాళ్ళు చెప్పిన మాట వినవు, మోకాళ్ళ కింద, మడమల్లో నొప్పులంటారు, సాకులనుకోకు, వాళ్ళకి జంపులు తగ్గించు.

రిలేకి వారానికి రెండుసార్లు పావుగంట కేటాయించు, 4x100లో బ్యాటన్ మార్చే జోన్ ఇప్పుడు 30 మీటర్లు, పాత లెక్క పట్టుకోకు.

చివరి పది రోజుల్లో పరుగుల సంఖ్య సగానికి కొయ్యి, వేగం మాత్రం తగ్గించకు. ఆ రోజుల్లో పిల్లలు ఒళ్ళు బద్ధకంగా ఉంది సార్ అంటారు, నీకూ కంగారు పుట్టి ఇంకో వర్కౌట్ చేయించాలనిపిస్తుంది, చేయించకు.

పేపర్ మళ్ళీ రాసి పంపు, పక్కనే ఒక్కో పిల్లాడి 30 మీటర్ల టైమూ, ఈ ఏడాది ఎంత పొడుగయ్యాడో కూడా రాయి.