మా అమ్మాయి ఆర్గానోమెటాలిక్స్ చదువుతానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి పరిశోధనకు ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంది. జీడిమెట్లలో ఒక ఫార్మా కంపెనీ ఉద్యోగం ఇస్తామన్నా వద్దని, ఆర్గానోమెటాలిక్స్‌లో, అంటే లోహం, కార్బన్ కలిసిన పదార్థాల మీద, పీహెచ్‌డీ చేస్తానంటోంది. గాలి తగిలితే అంటుకునే పదార్థాలతో పని అని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. మేడమ్, మీరు ముప్ఫై ఏళ్లకు పైగా ఇదే పని చేశారు. ఈ చదువు ఎవరికి పనికొస్తుంది? పిల్లను పంపొచ్చా?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందు వాళ్లమ్మగారి భయం సంగతి చూద్దాం. అది ఉత్తి భయం కాదు. మా పనిలో వాడే బ్యూటైల్ లిథియం గాలి తగిలితే మండుతుంది. నా పీహెచ్‌డీ రెండో ఏట, సిరంజి సూది మొనన మిగిలిన చుక్క అంటుకుని నా చున్నీ అంచు కాలింది. ల్యాబ్ కోటు వేసుకోలేదు, వేసుకోమని చెప్పినవాళ్లూ లేరు. తర్వాత నా దగ్గర చేరిన ప్రతి పిల్లకీ మొదటి రోజు ఆ సంగతే చెప్పాను.

1996లో అమెరికాలో కారెన్ వెటర్‌హాన్ అనే ప్రొఫెసర్ చేతి గ్లవ్ మీద డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు విషం ఒకటి రెండు చుక్కలు పడ్డాయి. ఆ గ్లవ్ దాన్ని ఆపలేదు. మరుసటి ఏడాది ఆవిడ చనిపోయారు. అందుకే చేరేముందు మీ అమ్మాయిని ఆ ల్యాబ్ చూసి రమ్మనండి. గాలి తగలకుండా పని చేసే మూత పెట్టె, గ్లవ్ బాక్స్, పనిచేస్తోందా? రాత్రిపూట ఒంటరిగా పని చేయిస్తారా? ఏ రసాయనానికి ఏ గ్లవ్ వాడాలో చెప్పేవాళ్లు ఉన్నారా? సీనియర్లను అడిగితే నిజం చెబుతారు. జవాబులు బాగుంటే నిశ్చింతగా పంపండి.

ఇక ఉపయోగం. లోహం నేరుగా కార్బన్‌తో బంధం కట్టుకుంటే అది ఆర్గానోమెటాలిక్ పదార్థం. మన ఒంట్లో బీ12 విటమిన్ పనిచేసే రూపంలో కోబాల్ట్, కార్బన్ అలాగే కలిసి ఉంటాయి. మీ బాత్‌రూమ్‌లో బకెట్ పాలీప్రొపిలీన్‌ది అయితే, ఆ ప్లాస్టిక్ తయారీకి దారి చూపిన జీగ్లర్, నట్టాలకు 1963లో నోబెల్ వచ్చింది. వాళ్లు వాడింది టైటానియం, అల్యూమినియం సమ్మేళనాలను.

మీరు ఉద్యోగం ఒక దారి, ఈ చదువు ఇంకో దారి అనుకుంటున్నారు. ఆ రెండూ అంత దూరం కావు. బీపీకి వాడే లోసార్టాన్‌లో రెండు బెంజీన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఆ అతుకు వేసే పద్ధతుల్లో సుజుకీ కప్లింగ్ ఒకటి. పల్లాడియం పెళ్లిళ్ల పేరయ్యలా ఇటు కార్బన్‌ను, అటు కార్బన్‌ను పట్టుకొచ్చి కలిపి తాను పక్కకు తప్పుకుంటుంది. 2010 నోబెల్ హెక్, నెగిషి, సుజుకీలకు ఇలాంటి పనికే ఇచ్చారు. అయితే ఆ పల్లాడియం మందులో మిగిలిపోకూడదు. నోటితో వేసుకునే మందుల్లో రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ మార్గదర్శకం. దాన్ని ఎలా తగ్గించాలో, పూర్తిగా ఎలా వడకట్టాలో తెలిసిన మనిషి జీడిమెట్లలోనైనా పటాన్‌చెరులోనైనా కావాలి. మీ అమ్మాయి నేర్చుకోబోయేది అదే.

ఒక్కటి మాత్రం ఆమెను అడగండి: ఓపిక ఉందా? మా పనికి టీహెచ్‌ఎఫ్ ద్రావకంలో తేమ ఉండకూడదు. దాంట్లో సోడియం, బెంజోఫినోన్ వేసి, గాలి తగలకుండా నైట్రోజన్ వాయువు కింద మరిగిస్తాం. నీరు, ఆక్సిజన్ పూర్తిగా పోయాక ఫ్లాస్క్ అంతా చిక్కటి నీలం రంగుకు తిరుగుతుంది. ఆ నీలం కోసం పొద్దున ఎనిమిదింటికి స్టవ్ ఆన్ చేసి, మధ్యాహ్నం భోజనం డబ్బా అక్కడే తెరిచిన రోజులు నాకెన్నో. ఇంతలో కరెంట్ పోతే మళ్లీ మొదటికి. ఇప్పుడు చాలా ల్యాబుల్లో ద్రావకంలోని తేమను తీసేసే కాలమ్‌లు ఉన్నాయి. అయినా ఎదురుచూపు తప్పదు. నా మొదటి మంచి స్ఫటికం చేతికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి మా అమ్మకు చెప్పాను. ఏమీ అర్థం కాకపోయినా ఆవిడ ఏడ్చింది.

ప్రశ్న: మేడమ్, మెగ్నీషియంతో ఆర్గానోమెటాలిక్ పదార్థం చేసే గ్రిగ్నార్డ్ ప్రయోగం వానాకాలంలో మొదలే కావడం లేదు. ఏం చేయాలి?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, తార్నాక

జవాబు: తేమ వల్లేనమ్మా. గాజు సామానంతా రాత్రంతా ఓవెన్‌లో పెట్టి, వేడిగా ఉండగానే నైట్రోజన్ కింద బిగించు. మెగ్నీషియం ముక్కల మీది ఆక్సైడ్ పొర వదలడానికి చిన్న అయోడిన్ పలుకు వెయ్యి. ముందు బ్రోమైడ్ కొన్ని చుక్కలే వెయ్యాలి. గోధుమ రంగు పోయి, ద్రావణం మసకబారి, ఈథర్ దానంతటదే మరగడం మొదలయ్యాక మిగతాది నెమ్మదిగా చుక్కలుగా వెయ్యి. మొదలవ్వలేదని విసిగి అంతా ఒక్కసారే పోసెయ్యకు. చర్య ఆలస్యంగా అందుకుంటే ఈథర్ కండెన్సర్ దాటి పొంగుతుంది. ఐస్ బాత్ పక్కనే పెట్టుకో.