విండోస్ 98 కంప్యూటరుకు 250 జీబీ డిస్కు, కోర్ 2 డ్యువోకు 3 టీబీ డిస్కు బిగించడం గురించి

మీరు రెండు సమస్యలు రాశారు. డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో పేజ్‌మేకర్ నడుపుతున్న విండోస్ 98 పెంటియం 3 కంప్యూటరుకు 250 జీబీ ఐడీఈ (వెడల్పాటి కేబులుతో తగిలించే పాత రకం) డిస్కు బిగిస్తే, ఆన్ చేయగానే బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రాము) డిస్కును గుర్తించే దశలోనే ఆగిపోతోందన్నది మొదటిది. ఇంట్లోని కోర్ 2 డ్యువోలో కొత్త 3 టీబీ డిస్కు విండోస్ 7లో 746 జీబీగా కనిపిస్తోందన్నది రెండవది. ఇలాంటి పాత యంత్రాలకు డిస్కులు మార్చే పని చాలాకాలం చేసిన అనుభవంతో చెబుతున్నాను: రెండు చోట్లా మీ డిస్కులు బాగానే ఉండి ఉంటాయి, వాటిని తిరిగి ఇచ్చేయవద్దు.

మొదటి యంత్రం ఆగిపోతున్న తీరును బట్టి అది 33.8 జీబీ పరిమితి అని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. 1999 మధ్యకాలానికి ముందు వచ్చిన అనేక అవార్డ్ కంపెనీ బయోస్‌లు డిస్కు పరిమాణాన్ని సిలిండర్ల (డిస్కు మీది వలయాల) లెక్కలోకి మార్చుకునేటప్పుడు ఆ సంఖ్య 65,535 దాటితే లెక్క తప్పి, అక్కడే బిగుసుకుపోతాయి. అంతకు ముందు తరాల్లో 504 ఎంబీ దగ్గర, 8.4 జీబీ దగ్గర కూడా ఇటువంటి పరిమితులే ఉండేవి గాని, మీ బోర్డుకు వాటితో పనిలేదు. యంత్రం ఇలా ఆగిపోవడం చికాకే అయినా దానివల్ల మీ ఫైళ్లకు ఏ నష్టమూ ఉండదు.

అసలు భయపడవలసింది ఆగకుండా నడిచిపోయే 137 జీబీ పరిమితికి. పాత పద్ధతిలో సెక్టారు (డిస్కు సమాచారాన్ని దాచే చిన్న గడి) చిరునామాకు 28 బిట్లే ఉండేవి. ఒక్కొక్క సెక్టారు 512 బైట్లు కనుక అక్కడికి 137.4 జీబీతో లెక్క ముగిసిపోతుంది. 48 బిట్ల చిరునామాలు వచ్చాక విండోస్ ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 1తోనూ, విండోస్ 2000కు సర్వీస్ ప్యాక్ 3 తరువాత రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల పట్టికలో) ఒక మార్పుతోనూ ఆ సదుపాయం అందింది గాని, విండోస్ 98తో వచ్చే డిస్కు డ్రైవరుకు మైక్రోసాఫ్ట్ దానిని ఇవ్వలేదు. అందుచేత హద్దు దాటి రాసిన సమాచారం, చిరునామాలోని పై బిట్లు రాలిపోయి, డిస్కు మొదటి భాగంలో, అంటే ఫైళ్ల పట్టిక ఉన్నచోటే, పడుతుంది. ఒక ప్రింటింగ్ ప్రెస్సులో నేను చూసిన యంత్రం నెలల తరబడి చక్కగా పనిచేసి, డిస్కు సగం నిండాక ఒకరోజు ఫోల్డర్ల పేర్లన్నీ పిచ్చి అక్షరాలుగా మారిపోయాయి. పెళ్లి శుభలేఖల డిజైన్లలో చాలావాటిని తిరిగి రాబట్టలేకపోయాము.

కాబట్టి మీ డీటీపీ యంత్రానికి నా సలహా జంపరు, అంటే డిస్కు వెనుక ఉన్న రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు. చాలా ఐడీఈ డిస్కుల మీద సామర్థ్యాన్ని 32 జీబీకి కుదించే జంపరు స్థానం ఉంటుంది, అది డిస్కుపై అంటించిన లేబులులోనే గుర్తించి ఉంటుంది. 250లో 32 మాత్రమే వాడుకోవడం మనసుకు కష్టంగా ఉంటుంది, నిజమే. కాని పేజ్‌మేకర్ ఫైళ్లకు, ఫాంట్లకు అది ఏళ్ల తరబడి సరిపోతుంది, పైగా రెండు పరిమితులూ ఒకేసారి తప్పిపోతాయి. బయోస్ అప్‌డేట్ దొరికినా అది మొదటి పరిమితిని మాత్రమే తొలగించవచ్చు, విండోస్ 98 పరిమితి అలాగే ఉంటుంది. ఆ పని మధ్యలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోతుంది కనుక యూపీఎస్ లేకుండా తలపెట్టకండి.

స్థలమంతా కావాలనుకుంటే ప్రామిస్ అల్ట్రా133 టీఎక్స్2 వంటి పీసీఐ కార్డు సెకండ్‌హ్యాండులో వెతకండి. దానికి సొంత బయోస్, సొంత డ్రైవరు ఉంటాయి కనుక బోర్డు బయోస్‌తోనూ, విండోస్ 98 డ్రైవరుతోనూ పని ఉండదు. అయినా ఒక్కొక్క పార్టిషన్‌ను (డిస్కును విభజించిన భాగాన్ని) 120 జీబీ లోపే ఉంచండి, ఎందుకంటే విండోస్ 98లో డిస్కు లోపాలు వెతికే స్కాన్‌డిస్క్ 127.53 జీబీకి మించిన పార్టిషన్‌ను పరిశీలించలేదు. పార్టిషన్లు చేసే ఎఫ్‌డిస్క్ కూడా 64 జీబీ దాటిన డిస్కుల పరిమాణాన్ని తప్పుగా చూపిస్తుంది. దీనికి మైక్రోసాఫ్ట్ సవరించిన ప్రతిని విడుదల చేసింది. డిస్కు మొదటి సెక్టారులో కూర్చుని బయోస్‌ను ఏమార్చే ఆన్‌ట్రాక్ డిస్క్ మేనేజర్ వంటి ప్రోగ్రాములను మాత్రం నేను సిఫారసు చేయను. ఫ్లాపీతో నేరుగా బూట్ చేసినా, డిస్కును వేరే యంత్రానికి తగిలించినా అది ఖాళీగా కనిపించే అవకాశం ఉంది. అప్పుడు ఎవరో ఒకరు ఫార్మాట్ కొట్టేస్తారు.

ఇక 746 జీబీ విషయం. 32 బిట్ల సెక్టారు సంఖ్యతో 2.2 టీబీ వరకే చేరగలము. మీ 3 టీబీలో ఆ భాగం పోగా మిగిలిన సుమారు 800 జీబీనే, 1024 చొప్పున లెక్కించే విండోస్ 746గా చూపిస్తోంది. ఇంటెల్ స్టోరేజీ డ్రైవరు పాతదైతే సరిగ్గా ఇదే సంఖ్య కనిపిస్తుంది కనుక ముందు దానిని కొత్తది చేయండి. తరువాత డిస్కును జీపీటీ (2.2 టీబీ దాటిన డిస్కులకూ పనికివచ్చే కొత్త పార్టిషన్ పట్టిక) పద్ధతిలోకి మార్చి, సమాచారం దాచుకోవడానికి మాత్రమే వాడండి; విండోస్‌ను పాత చిన్న డిస్కు మీదనే ఉంచాలి, ఎందుకంటే యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) లేని యంత్రంలో విండోస్ 7 జీపీటీ డిస్కు నుండి బూట్ కాదు. లినక్స్ అయితే దానిని బూట్ చేసే గ్రబ్ ప్రోగ్రాము కోసం 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ కేటాయిస్తే చాలు, సాధారణంగా బూట్ కూడా అవుతుంది.

ఏ మార్గం ఎంచుకున్నా, అసలు ఫైళ్లు ఎక్కించే ముందు పనికిరాని పెద్ద ఫైళ్లతో డిస్కును అంచుదాకా నింపి, మొదట కాపీ చేసినవి తెరుచుకుంటున్నాయో లేదో పరీక్షించండి. అవి సరిగ్గా తెరుచుకునేవరకు డీటీపీ యంత్రపు పాత 20 జీబీ డిస్కును చెరిపివేయకండి.